ఊరి మీది గూళ్లు

టెక్కలి నుంచి నౌపడ వైపు వెళ్తుంటే తేలినీలాపురం. చలికాలంలో అక్కడి చింతచెట్లు రెట్టలతో తెల్లబడి ఉంటాయి. కొమ్మకొమ్మకీ గూళ్లు. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు పక్కపక్కనే కాపురం పెడతాయి. తల్లి పెలికాన్ వాలగానే పిల్ల తలంతా దాని గొంతుసంచిలోకి దూర్చేస్తుంది. లోపలి చేప కోసం అది పెనుగులాడుతుంటే తల్లి మెడ ఊగిపోతుంది, అయినా కదలదు. ఆ ఓర్పు చూస్తూ ఎంతసేపైనా ఉండిపోతాను.

ఓర్పు ఊరివాళ్లదీ. నీచువాసన, ముక్కుల టకటక ఇంటి ముంగిట్లోనే. పిట్టలొస్తే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం. సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు గానీ, ఈ బూడిదరంగు పెలికాన్ దక్షిణాసియాదే. దూరపు చుట్టం కాదు, ఇంటిపిల్ల. నాకు ఆ సంగతే ఎక్కువ ఇష్టం.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ వైపే, పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోతే మనిషికి ఆధారం పోతుంది. మరి పిట్టకో? గూడు కట్టే కొమ్మా, చేప దొరికే చిత్తడీ రెండూ ఉంటేనే దానికి ఊరు. అందుకే నౌపడ మడుగుల్లో నీళ్లు ఇంకకూడదని ఏటా కోరుకుంటాను.