అమ్మ చేతికి తగిన బండి

మా అమ్మకి అరవై ఏడేళ్ళు. కుడి మోకాలు పూర్తిగా వంగదు. మావాడికి ఇరవై నెలలు, బరువు పన్నెండు కిలోలు. చంకనెక్కితే నిమిషం ఉండడు, కిందికి దింపితే చేతికి అందడు. పోయిన డిసెంబర్‌లో మెల్‌బోర్న్ నుంచి హైదరాబాద్‌లోని ఇంటికి వచ్చినప్పుడు ఈ రెండింటికీ మధ్య ఒక దారి వెతకడంతోనే మొదటి వారం గడిచిపోయింది.

వచ్చిన మూడో రోజు పొద్దున దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి బయల్దేరాం. విమానంలో తెచ్చుకున్న తేలికపాటి స్ట్రోలర్‌లో వాణ్ని కూర్చోబెట్టాను. గొడుగులా ముడుచుకునే రకం. మెల్‌బోర్న్‌లో నేనుండే టార్నెట్‌లో ప్రతి ఇంటి ముందూ నున్నటి కాలిబాట ఉంటుంది. వీధి మలుపుల్లో కాలిబాట అంచును వాలుగా చెక్కి రోడ్డులో కలిపేస్తారు. అక్కడ ఏడాదిగా అదే బండి నడిపాను. ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు.

చైతన్యపురి వైపు మా సందులో ఇరవై అడుగులు కూడా వెళ్ళలేదు. మోరీ మీద పరిచిన రెండు షాబాద్ బండల మధ్య సందులోకి ముందు చక్రం దిగబడింది. నేను నడక వేగంలో ఉన్నాను. బండి అక్కడే ఆగిపోయింది, వెనక చక్రాలు లేచాయి, వాడు ముందుకు తూలాడు. భుజాల మీది బెల్టు పట్టి ఆపింది. నడుముకు మాత్రమే కట్టే రకమైతే మొహం బండకు తగిలేది. వాడికేం కాలేదు, ఏడవను కూడా లేదు. నాకు మాత్రం ఆ రోజంతా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అమ్మ ఆ సాయంత్రం ఒక మాట అంది. "ఎత్తుకుందామంటే నడుము ఒప్పుకోదు బిడ్డా. గట్టి బండి ఒకటుంటే నేనే తీస్కపోత గదా గుడికి." అప్పటిదాకా నేను బండిని పిల్లాడి వస్తువుగానే చూశాను. వాడికి మెత్తగా ఉందా, ఎండ తగలకుండా ఉందా అనే చూసుకున్నాను. బండిని తోసే మనిషి సంగతి ఆలోచించలేదు. తోయబోయేది అమ్మ. ఏడాదికి నెలన్నర మాత్రమే మనవడు దొరికే అమ్మ. వాణ్ని తనంతట తాను నాలుగు వీధులు తిప్పుకురావాలన్నది ఆమె కోరిక. కొనవలసింది ఆ చేతులకు తగిన బండి.

చక్రం గురించి మొదటి పాఠం మా వీధిలోకి వచ్చే పండ్ల బండి అతను చెప్పాడు. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్న రోజుల్లో అక్కడే సరుకు ఎత్తేవాడు. మార్కెట్టు బాటసింగారం తరలిపోయాక ఇంకా చీకటితోనే లేవవలసి వస్తోందట. జామకాయలు తూస్తూ మా స్ట్రోలర్ వైపు చూసి, "చక్రం చిన్నగుంటే గుంతల దిగుతదక్కా, పెద్దగుంటే గుంత మీదికెల్లి పోతది. నా బండి చూడు" అన్నాడు. చూశాను. నాలుగూ సైకిల్ చక్రాలు. క్వింటాలు దాకా బరువేసుకుని స్పీడ్ బ్రేకర్లు, తవ్విన రోడ్లు, కంకర దాటుకుంటూ రోజంతా తోసే మనిషి మాట అది. మా స్ట్రోలర్ చక్రం కొలిస్తే అయిదంగుళాలు. బండల మధ్య సందు మూడంగుళాలు. దిగబడక ఏమవుతుంది?

ఆ మాటే అమెరికాలో 1980ల్లో ఫిల్ బేష్లర్ అనే ఆయనకూ తట్టింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా ఊరు. పరుగెత్తేటప్పుడు కొడుకును వెంట తీసుకెళ్ళాలని స్ట్రోలర్‌కు సైకిల్ చక్రాలు బిగించాడు. మూడు పెద్ద చక్రాల బళ్ళు ప్రపంచమంతా అక్కణ్నుంచే పాకాయి. మన తోపుడు బండికి అంతకుముందే ఉన్న తెలివి అది.

నేను తెచ్చిన గొడుగు బండి కథ నాకు ఇంకా దగ్గరిది. దాన్ని కనిపెట్టింది ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లండు ఇంజినీరు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి నేల మీద దిగే చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. కూతురు మాస్కో నుంచి పసిబిడ్డతో పుట్టింటికి వస్తే, బరువైన పాతకాలపు బండితో ప్రయాణంలో ఆమె పడ్డ అవస్థ చూశాడు. విమానంలో చక్రాలు ముడుచుకునే పద్ధతి తెలిసిన మనిషి కదా, అల్యూమినియం గొట్టాలతో మూడు కిలోల లోపు బరువుండే మడత బండి తయారుచేసి 1965లో పేటెంటుకు పెట్టాడు. పరాయి దేశం నుంచి బిడ్డను ఎత్తుకొచ్చిన కూతురి కోసం ఒక తాత చేసిన బండి అది! ఈ సంగతి చదివాక ఆ చిన్న బండి మీద నాకు కోపం పోయింది. విమానాశ్రయం దాకా దాని పని అది చక్కగా చేసింది. మా సందు దాని కోసం కట్టింది కాదు, అంతే.

మా సందు సంగతి చెప్పాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే మరో పొర వేస్తారు. ఇళ్ళు కిందికైపోతాయి. అందుకని కొత్తగా కట్టేవాళ్ళు గచ్చు ఎత్తు పెంచి, గేటు నుంచి రోడ్డు మీదికి ర్యాంపు దింపుతారు. రెండు పక్కలా అలాంటి ర్యాంపులే. వాటి మధ్య బైకులు, ఇసుక కుప్ప, నీళ్ళ డ్రమ్ము. అంచున నడిస్తే ఒక పక్క చక్రాలు ఎత్తులో, మరో పక్కవి పల్లంలో ఉంటాయి. బండి ఒరుగుతూ పోవాలి. మూడు చక్రాల బండి చదును నేల మీద ఎంత హాయిగా తిరిగినా, ఇలాంటి ఒరుగుడు చోట నాలుగు చక్రాలదే నిలకడ. ముందు చక్రాలు అన్ని వైపులా తిరగాలి, కంకర మీద అవసరమైతే నేరుగా బిగించుకునే మీట కూడా ఉండాలి.

ఇవన్నీ మనసులో పెట్టుకుని అమ్మను, వాణ్ని తీసుకుని కొత్తపేట మెయిన్ రోడ్డు మీద పిల్లల సామాన్ల దుకాణానికి వెళ్ళాను. కుర్రాడు ఎనిమిది బళ్ళు వరుసగా పెట్టాడు. పాటలు పాడేవి, దోమతెర ఉన్నవి, పాలసీసాకు గిన్నె ఉన్నవి. నేను అడిగింది ఒక్కటే, దుకాణం గచ్చు మీద కాదు, బయట రోడ్డు మీద తోసి చూడనిమ్మని. కుర్రాడు మంచివాడు, ఒప్పుకున్నాడు. వాణ్ని కూర్చోబెట్టి అమ్మ చేతికే ఇచ్చాను. దుకాణం ముందు మెట్టు ఎక్కించాలంటే పిడిని కిందికి నొక్కి ముందు చక్రాలు లేపాలి. రెండు బళ్ళ దగ్గర అమ్మ మణికట్టు ఆగిపోయింది. ఒకదాని పిడి మరీ కిందుగా ఉండి నడుము వంచవలసి వచ్చింది. అయిదోది నొక్కగానే లేచింది. "ఇది నా మాట ఇంటుంది" అంది అమ్మ.

అది పదకొండు కిలోల బండి. వెనక చక్రాలు పదంగుళాలు, గాలి నింపేవి. మెల్‌బోర్న్‌లో గాలి టైర్లంటే నేను భయపడి మానేశాను, పంచరైతే బాగుచేసేవాళ్ళ కోసం ఊరంతా తిరగాలని. అమ్మ నవ్వింది. "పంచర్ షాపు సందు మూల మీదనే ఉన్నది." నిజమే. గాలి టైరు గుంతల కుదుపును సగం తనే తాగేస్తుంది. పసివాడి మెడకు అంతకంటే ఏం కావాలి? బెల్టు అయిదు చోట్ల పట్టుకుంటుంది, రెండు భుజాలకు, నడుముకు రెండు పక్కలా, కాళ్ళ మధ్య ఒకటి. మావాడిలాంటి పిల్లలు వెన్ను విల్లులా వంచి కిందికి జారిపోతారు. కాళ్ళ మధ్య పట్టీ లేకపోతే జారిన పిల్లాడికి నడుము పట్టీ మెడకు వచ్చే ప్రమాదం ఉంది. భుజం పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్ళు దూరేంత వదులు చాలు. ఆఖరి పరీక్షగా ఒక ఆటో ఆపి, మడిచిన బండి వెనక సీటు ముందు పడుతుందో లేదో చూశాం. పట్టింది. కొన్నాం.

మూడు రోజులకే ఇంకో పాఠం. సరూర్‌నగర్ రైతుబజారులో కూరల సంచీ పిడికి తగిలించాను. ఇంటి ముందు వాణ్ని దింపగానే ముందు బరువు పోయి, బండి వెల్లకిలా పడింది. టమాటాలు సందంతా దొర్లాయి. వాడు లోపలుండి నేను ఇంకో సంచీ తగిలించి ఉంటే! ఆ రోజు నుంచి బరువేదైనా సీటు కింది బుట్టలోనే.

ఒకరోజు వనస్థలిపురంలో అక్క ఇంటికి బయల్దేరాం, ఎల్బీ నగర్ దాకా మెట్రోలో. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ మూడో స్టేషన్, మధ్యలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. నేను దేశం వదిలి వెళ్ళేనాటికి రోడ్డు మధ్యన పిల్లర్లే ఉండేవి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా రైలు మొదలైంది. బండితో ఉన్నవాళ్ళకు స్టేషన్ లిఫ్టు పెద్ద ఉపకారం. ఎస్కలేటర్ మీదికి బండిని ఎక్కించకూడదు, పిల్లాడు అందులో ఉన్నా లేకున్నా. ఎల్బీ నగర్ కూడలిలో విజయవాడ హైవే, ఇన్నర్ రింగ్ రోడ్డు కలుస్తాయి. నల్గొండ, సూర్యాపేట బస్సుల కోసం జనం రోడ్డు మీదే నిలబడతారు. ఆ రోడ్డును బండితో కింద దాటే సాహసం మేం చేయలేదు. ఒక పక్క లిఫ్టులో పైకెక్కి, స్టేషన్ లోపలి నుంచి నడిచి, రెండో పక్క లిఫ్టులో దిగాం.

ప్లాట్‌ఫారం మీద అమ్మకు ఒకటే నేర్పాను. బండిని పట్టాలకు ఎదురుగా నిలపొద్దు, పట్టాలకు సమాంతరంగా నిలపాలి, బ్రేకు వేయాలి, చేతి పట్టీ మణికట్టుకు వేసుకోవాలి. ఎందుకో కూడా చెప్పాను. 2009 అక్టోబర్‌లో మా మెల్‌బోర్న్‌లోనే ఆష్‌బర్టన్ స్టేషన్‌లో తల్లి ఒక్క క్షణం చెయ్యి వదిలితే బండి దొర్లి పట్టాల మీద పడింది, మీదికి రైలు వచ్చింది. ఆరునెలల పిల్లాడు నుదుటి మీద బొప్పితో బతికి బయటపడ్డాడు. విన్నాక అమ్మ ఆ పట్టీని రెండు చుట్లు చుట్టుకుంది. కొత్త బండికి ఆ పట్టీ రాలేదు. ముందే నా పాత బండిది విప్పి దీనికి కుట్టించాం.

ఆ తర్వాత గురువారం అమ్మ వాణ్ని తీసుకుని ఒంటరిగా గుడికి వెళ్ళింది. నేను బాల్కనీలో నిలబడి సందు మలుపు దాకా చూశాను. ధనుర్మాసం, ప్రతి గేటు ముందూ ముగ్గులు. ముగ్గు వచ్చిన ప్రతిచోటా అమ్మ పిడి నొక్కి, ముందు చక్రాలు లేపి, పక్కకు తిప్పి, అంచు వెంబడి పోనిచ్చి మళ్ళీ దారిలోకి వస్తోంది. ఒక్క చుక్క చెరగలేదు. మోకాలు నొప్పి మనిషి అంత నాజూకుగా మలుపులు తిప్పడం చూసి నాకు గొంతు పట్టేసింది. గంటన్నరకు వచ్చారు. వాడి రెండు చేతులూ ప్రసాదంతో జిగటగా ఉన్నాయి.

జనవరి మొదటి వారంలో వెనక టైరుకు మేకు గుచ్చుకుంది. పంచర్ షాపు తాత చిన్న ట్యూబు బయటికి లాగి, గాలికొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. బుడగలు వచ్చాయి. మావాడు తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్క బుడగనూ వేలితో పొడిచాడు. ఎన్ని నెలల తర్వాతో వాడు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవడం చూశాను. తాత గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ప్యాచీ వేశాక, వాడి కోసమే ఇంకోసారి నీళ్ళలో ముంచాడు.

భోగి నాడు పక్కింటి ఆంటీ వదల్లేదు. వాళ్ళది తెనాలి వైపు, దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ముప్ఫై ఏళ్ళు. "పిల్లాడికి భోగిపళ్ళు పోయకుండా పంపిస్తారా?" అంటూ రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర పైసలు పళ్ళెంలో కలిపి తెచ్చింది. పీట మీద కూర్చోబెడితే వాడు లేచి పరుగు. చివరికి బండినే హాల్లోకి తెచ్చి, బెల్టు పెట్టి కూర్చోబెట్టాం. వాడికి అది తిరగడానికి వెళ్ళే సింహాసనం, బుద్ధిగా కూర్చున్నాడు. నెత్తి మీంచి పళ్ళు రాలుతుంటే పైకి చూసి నవ్వాడు. అమ్మ మూడుసార్లు దిగదుడిచి పోసింది.

మెల్‌బోర్న్‌కు తిరిగొచ్చేటప్పుడు బండిని అక్కడే వదిలాం. ఇప్పుడది మెట్ల కింద ఉంది. ఆంటీ మనవరాలు వచ్చినప్పుడు బయటికి తీస్తున్నారు. ఫిబ్రవరిలో ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది. సీటు గుడ్డ ఉతుకుదామని విప్పితే మడతలో ఎండిన రేగుపండు ఒకటి, రూపాయి బిళ్ళ ఒకటి దొరికాయట. పండు పారేసి, గుడ్డ ఆరేసి, బిళ్ళను తిరిగి సీటు కిందే పెట్టిందట.