ఇంజను ఎవరు చూశారు?

2024 మే నెలలో మా కారు ఏసీ పాడైంది. ఇది కూడా రాయాల్సిన విషయమేనా అని చాలా రోజులు ఊరుకున్నాను. ఎర్రటి ఎండలో ఉపాధి హామీ పనికి వచ్చి కాలువ పూడిక తీస్తున్న ఆడవాళ్లను కారు అద్దంలోంచి చూస్తూ వెళ్లే నాకు ఉక్కపోత గురించి రాసే హక్కేముందన్న సంకోచం. కానీ ఆ నాలుగైదు రోజుల్లో జరిగింది నన్ను వదల్లేదు.

నేను ఏలూరులో ఉంటాను. తాడేపల్లిగూడెంలో పాఠాలు చెప్తాను. మామూలుగా పాసింజరు రైల్లోనే వెళ్లొస్తాను. ఆ నెలలో పరీక్షల డ్యూటీలు వేళాపాళా లేకుండా పడటంతో కారు తీశాను. అంతకన్నా పెద్ద కారణం అమ్మ. కొల్లేరు లంక ఊళ్లో ఉండే అమ్మను పదిహేను రోజులకోసారి ఏలూరు తీసుకొచ్చి గుండె డాక్టరుకి చూపించాలి. ‘ఎండదెబ్బ తగలకుండా చూసుకోండి, ఈవిడ తట్టుకోలేరు’ అని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. అలాంటి సమయంలో సెకండ్ హ్యాండులో కొన్న మా పాత కారు వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది.

దగ్గర్లోని ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. మెకానిక్ అనుభవం ఉన్నవాడే. ఇంజను ఆన్ చేయించి, లోపల గాలికి చెయ్యి పెట్టి చూసి, ‘కంప్రెసర్ పోయిందండి. ఇరవయ్యారు వేల దాకా అవుద్ది’ అన్నాడు. ఎలా తెలిసిందని అడిగాను. ‘సార్‌కి ఫోన్ కలపండి మేడమ్, చెప్తాను’ అన్నాడు. కలిపాను. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో. ఆయనకి కారు నడపడమే రాదు. ఐదు నిమిషాలు ‘ఊఁ, ఊఁ’ అని విని, ‘సరే చూడండి’ అన్నాడు. కారు నాది, దాన్ని కొన్న జీతం నాది, నడిపేది నేను. నా ప్రశ్నకి జవాబు మాత్రం రెండు వందల మైళ్ల అవతలి మగవాడికి వెళ్లింది. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

అతని మీద కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఇంటికొచ్చాక నా మీద నాకే సిగ్గేసింది. స్త్రీలు, సాంకేతికత అన్న అంశం మీద ఏటా పిల్లలకి పాఠం చెప్తాను. రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ గురించి గంటసేపు మాట్లాడతాను. ఇంట్లోకి యంత్రాలొచ్చినా ఆడవాళ్ల పని ఎందుకు తగ్గలేదో బోర్డు మీద గీసి చూపిస్తాను. అలాంటిదాన్ని ఆరేళ్లుగా నడుపుతున్న బండి బానెట్ ఒక్కసారైనా ఎత్తి చూడలేదు. ‘అవన్నీ మనకి తెలియవులే’ అనే మాట పైకి అనలేదంతే, లోపల స్థిరంగా నమ్మాను.

మర్నాడు అమ్మను తీసుకురావడానికి పొద్దున్నే బయల్దేరాను. కైకలూరు వైపు వెళ్లే రోడ్డు మీద రెండు వైపులా నీళ్లు ఎండి బీటలు తీసిన నేల, మధ్యమధ్యలో చెరువులు. తిరిగొచ్చేటప్పటికి ఎండ ముదిరింది. బండి పరుగులో ఉన్నంతసేపు ఏసీ కాస్త పనిచేసింది. ఒకచోట బాతుల మంద రోడ్డు దాటుతుంటే ఆగాం. రెండు నిమిషాల్లో లోపల పొయ్యి దగ్గర కూర్చున్నట్టయింది. బాతులు వెళ్లిపోయి బండి కదిలాక మళ్లీ చల్లబడింది. నేను అంతకుముందు భీమడోలు దాటాక చల్లగా ఉండి, తాడేపల్లిగూడెం ట్రాఫిక్‌లో వేడెక్కడం గమనించాను గానీ, రెండిటినీ కలిపి ఆలోచించలేదు. కలిపింది అమ్మ.

‘అమ్మాయ్, ఆగితే వేడొస్తంది, పోతే చల్లగా వస్తంది. మన ఆయిలింజనుకి ఫుట్‌వాల్వులో గుర్రపుడెక్క పట్టి నీళ్లందకపోతే ఇలాగే కాగిపోయేది. దీనికి నీళ్లు కాకపోతే గాలి. గాలి అందట్లేదేమో చూడు’ అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ.

అమ్మకి ఇంజను తెలుసు. మాకు నా చిన్నప్పుడు లీజుకి తీసుకున్న చేపల చెరువు ఉండేది. కాలవలోంచి నీళ్లు తోడటానికి కిర్లోస్కర్ ఆయిలింజను. నాన్న చేపల లోడుతో వెళ్లిన రాత్రులు చెరువు కాపలా అమ్మదే. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. అప్పుడు కొత్తనీరు పెట్టడం గంట ఆలస్యమైతే ఏడాది కష్టం పోయినట్టే. అమ్మ లాంతరు పట్టుకుని వెళ్లి, లివరు ఎత్తి, హ్యాండిల్ తిప్పి, వేగం అందుకోగానే లివరు వదిలేది. డీజిల్ పైపులో గాలి పట్టిందా, బెల్టు జారుతోందా అన్నది మోత విని చెప్పేది. మేము దాన్ని ఎప్పుడూ విద్య అనుకోలేదు. అమ్మ చేసే వంద పనుల్లో అదొకటి.

మరుసటి రోజు పొద్దున్న ఇంటి ముందు వేపచెట్టు నీడలో కారు నిలిపాను. అమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా ఏసీ ఆన్ చేశాను. ‘టక్’ మని చప్పుడైంది. అది కంప్రెసర్ క్లచ్ పట్టుకున్న చప్పుడు. ఇంజను మోత కొంచెం బరువెక్కింది. అంటే పోయిందన్న కంప్రెసర్ పనిచేస్తూనే ఉంది. కాసేపటికి మళ్లీ ‘టక్’ మని దానంతటదే ఆగిపోయింది. ‘మోత మారింది గానీ ఫ్యాను చప్పుడు వినబడలేదు’ అంది అమ్మ. చూస్తే నిజమే. ముందువైపు ఏసీ కోసం విడిగా ఉన్న ఫ్యాను కదలడం లేదు.

ఈ యంత్రం చేసే పనిని మన కూజాతో పోల్చుకోవచ్చు. కూజా చెమర్చి, ఆ తడి ఆవిరవుతూ నీళ్లలోని వేడిని తీసుకుపోతుంది. కారులో నీటికి బదులు చాలా తక్కువ వేడికే మరిగే గ్యాస్ ఉంటుంది. మా కారులోని ఆర్-134ఏ మామూలు గాలి ఒత్తిడి దగ్గర సున్నాకి 26 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. డ్యాష్‌బోర్డు వెనక అది ఆవిరై మన దగ్గరి వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి ముందున్న కండెన్సర్‌లోకి పంపుతుంది. అక్కడ గాలి తగిలి వేడి బయటికి పోతే మళ్లీ ద్రవమవుతుంది. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే ఆ పని చేస్తుంది. ఆగినప్పుడు ఫ్యాను చెయ్యాలి. అది తిరగకపోతే పైపుల్లో ఒత్తిడి పెరిగిపోతుంది. దెబ్బ తినకుండా కంప్రెసర్ ఆగిపోతుంది. అమ్మ ఆయిలింజను పోలికతో చెప్పింది అక్షరాలా ఇదే.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, కండెన్సర్ రేకుల మధ్య చూస్తే వరి దుమ్ము, పురుగులు, ఒక కొంగ ఈక. పైపుతో సన్నటి ధారగా కడిగాను. గట్టిగా కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి. అయినా ఫ్యాను తిరగలేదు. ఫ్యూజుల పెట్టె మూత వెనక ఏది దేనిదో బొమ్మ వేసి ఉంది. ఫ్యాను ఫ్యూజు తీసి వెలుతురుకి పెట్టి చూశాను. తీగ బాగానే ఉంది. పక్కనే రిలే, నల్లటి చిన్న డబ్బీ. స్విచ్చు నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో ఫ్యానుకి కావాల్సిన పెద్ద కరెంటుకి దారి తెరిచేది అదే. హారన్‌కి కూడా అచ్చం అదే నంబరు రిలే ఉంది. బండి ఆపి ఉండగానే రెండిటినీ అటూ ఇటూ మార్చి, ఏసీ వేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది. హారన్ మాత్రం మూగబోయింది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం.

అందరి కార్లకీ ఇదే జబ్బని అనను. చల్లగా ఉండి గాలి తక్కువ వస్తుంటే క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. అది చాలా కార్లలో గ్లవ్‌బాక్సు వెనకే ఉంటుంది. అసలు ‘టక్’ మనే చప్పుడే లేకపోతే కరెంటు లోపమో, గ్యాస్ కారిపోవడమో కారణం కావచ్చు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. కారే చోటు చూడకుండా ఏటా వేసవికి ‘గ్యాస్ పట్టించడం’ డబ్బుల్ని గాలికి వదలడమే. ఆ పైపులు మాత్రం ఇంట్లో విప్పకూడదు. లోపల ఒత్తిడి ఎక్కువ, కళ్లు పోయే ప్రమాదం ఉంది. పైగా ఆర్-134ఏ బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అంతకుముందు కార్లలో వాడిన ఆర్-12 ఓజోన్ పొరనే తినేసింది. 1986లో అంటార్కిటికాకి వెళ్లిన పరిశోధక బృందానికి సుసాన్ సోలమన్ నాయకత్వం వహించింది. ఓజోన్ రంధ్రానికి ఇలాంటి గ్యాసులే కారణమని తేల్చిన పనిలో ఆమెది ముఖ్యమైన పాత్ర. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. ఏసీ గ్యాస్ సంగతి మగవాళ్లకే తెలుస్తుందనే షెడ్లన్నిటిలో ఆవిడ ఫొటో పెట్టాలనిపిస్తుంది నాకు.

ఆ సాయంత్రం స్పేర్‌పార్టుల కొట్టుకెళ్లి పాత రిలే చూపించాను. ‘ఎవరు చూశారండి బండి?’ అని అడిగాడు కొట్టతను. ‘నేనే’ అన్నాను. ఆ మాట అనడంలో ఎంత సంతోషమో చెప్పలేను. రెండు వందల నలభై రూపాయలు. ఇంటికొచ్చి, కొట్టతను ఎలా తెల్లబోయాడో అమ్మకి నటించి మరీ చూపించాను.

అమ్మ నవ్వింది. తర్వాత, మామూలుగా ఊరి కబురు చెప్పినట్టే చెప్పింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. అభయారణ్యంలో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలంటే అది తప్పదన్న వాదన నాకు అర్థమవుతుంది, మా ఇంట్లో ఆ ఏడాది పొయ్యి ఎలా వెలిగిందో కూడా గుర్తుంది. చెరువు పోయాక ఇంజనుతో పనేముంది? కొనడానికి ఒకాయన వచ్చాడు. ఇంజను మోత విని, ‘ఇన్నేళ్ల బండి ఇంత బాగుందే, ఎవరు చూసుకునేవారు?’ అని అడిగాడట. ‘నేనే’ అన్నాడట నాన్న. అమ్మ గుమ్మం లోపల మజ్జిగ కలుపుతోంది.

‘మరి నువ్వేం అనలేదా?’ అన్నాను.

‘ఏం అంటాను? మంచి రేటే ఇచ్చాడు’ అంది.

అమ్మ నన్ను ఎత్తిపొడవడానికి చెప్పలేదని నాకు తెలుసు. అందుకే మరింత గుచ్చుకుంది. షెడ్డులో నా మాట లాక్కున్నారని నాలుగు రోజులు రగిలిపోయినదాన్ని, నాకు మాట దక్కిన మొదటి నిమిషంలోనే అమ్మ మాటను లాక్కున్నాను. నాన్న అన్న మాటే నేనూ అన్నాను. నాన్నకి మగతనం ఉంది, నాకు డిగ్రీలు, స్టీరింగు ఉన్నాయి. బానెట్ కింద చెయ్యి పెట్టింది నేనే, నిజం. ఎక్కడ చూడాలో చెప్పింది ఎవరు? ‘స్త్రీల జ్ఞానాన్ని చరిత్ర చెరిపేసింది’ అని క్లాసులో ఎంత తేలిగ్గా అంటాను! చెరిపేది ఎప్పుడూ చరిత్రే కాదు. ఒక్కోసారి కొట్టు ముందు నిలబడి మురిసిపోతున్న కూతురు కూడా.

కారులో సర్వీసు పుస్తకం ఒకటి ఉంటుంది. ఏ తేదీన ఏం చేశారో, ఎవరు చేశారో రాసే గళ్లుంటాయి. అన్నిటిలోనూ మగవాళ్ల సంతకాలే. రాత్రి దాన్ని తీసుకొచ్చి కొత్త గడిలో తేదీ వేసి, లోపం కనిపెట్టినవారు అని అమ్మ పేరు, విప్పి బిగించినవారు అని నా పేరు రాశాను. అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది.

‘ఆ డబ్బీ నంబరు కూడా రాసి పెట్టు. మళ్లీ పోతే వెతుక్కోవాలి’ అంది.

రాశాను.