వ్రేలిముద్ర

గత కార్తికమాసమున మేము విశాఖపట్టణమునుండి రైలులో అరకులోయకు బోయితిమి. వలిసెపూలతో కొండచరియలు పసుపు పూసికొన్నట్లుండెను. బొర్రా గుహలు చూచి, మరునాడు కాలినడకను ఒక చిన్న గూడెము చేరితిమి.

అచ్చటి ప్రభుత్వ పాఠశాలకు గోడలు గలవు, కప్పు లేదు. పిల్లలు పనసచెట్టు నీడను పలకలు పట్టి కూర్చుండిరి. వాన కురిసిననాడు చదువు లేదట! గది పూర్తియైనట్లు పత్రము పుట్టించి, గుత్తదారుడును అధికారియు సొమ్ము పంచుకొనిరని యూరివారనిరి. ఆ పత్రముపై వ్రేలిముద్ర ఒక తల్లిదే.

“ఏలు ఎయ్యమన్నారమ్మా, ఏసినాను. అందులో ఏటుందో నాకేటి తెలుసు?” అని యామె తల వంచుకొనెను.

ఆరు మొదలు 14 ఏండ్లవరకు ఉచితవిద్య పిల్లల హక్కని 2009 సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. పాఠశాల యాజమాన్యసంఘమున నాలుగింట మూడుపాళ్లు తలిదండ్రులును, సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెననియు, వచ్చిన ధనము వ్యయమగు తీరును ఆ సంఘమే కనిపెట్టవలెననియు అందే గలదు. ఆ తల్లి యట్టి సభ్యురాలే. కావలియుంచిన చేతితోనే దొంగతనము చేయించిరి. చదువురాని తల్లి వ్రేలు బిడ్డ చదువునకే అడ్డమాయెను.

మేము మరలునపుడు మూడవ తరగతి చదువు ఆమె కూతురు ఏటివరకు వచ్చి, “ఈసారి కాయితం నేను చదివి అమ్మకి చెప్తాను” అనెను.

సోదరీమణులారా, చదువ నేర్చిన మనము మన యూరి బడి లెక్క నెన్నడైన అడిగితిమా?