తార్నాక నుంచి బతుకమ్మ కుంట దాకా: నీటి వైపు ఒక నడకదారి

తార్నాక పేరు గురించి స్థానికంగా ఒక మాట ప్రచారంలో ఉంది. తార్ అంటే తీగ, నాకా అంటే కావలి చౌకీ. ఒకప్పుడు ఇక్కడ తీగకంచె, దాని పక్కన చౌకీ ఉండేవని, అందుకే ఈ పేరు నిలిచిందని చెబుతారు. నేడు ఇక్కడ మెట్రో స్టేషను ఉంది. 2017 నవంబరులో నాగోలు, అమీర్‌పేటల మధ్య రైలు మొదలైనప్పటి నుంచి ఈ కూడలి రద్దీ మరింత పెరిగింది. బస్సులు, ఆటోలు, హారన్ల మోత దాటి పడమటి వైపు కొద్ది అడుగులు వేస్తే చాలు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లనీడ ఎదురొస్తుంది.

ఫజ్ర్ నమాజు ముగిసిన వేళ ఈ ప్రాంగణంలోకి వెళ్లి చూస్తే నగరం మరో ముఖంతో కనిపిస్తుంది. పదవీ విరమణ చేసిన పెద్దలు, పరీక్షలకు చదువుకునే యువకులు, బుర్ఖా ధరించి వేగంగా నడిచే తల్లులు, వారి వెనుక పరుగెత్తే పిల్లలు, అందరూ ఒకే దారిలో సాగుతుంటారు. చుట్టుపక్కల బస్తీలలో ఇళ్లు ఇరుకు, వీధులు మరీ ఇరుకు. అక్కడి కుటుంబాలకు నాలుగు అడుగులు నడవగలిగే విశాలమైన చోటు ఇది.

ఈ నేల చరిత్ర నీటితో ముడిపడింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో జారీ చేసిన ఫర్మానాతో ఉర్దూ బోధనా మాధ్యమంగా విశ్వవిద్యాలయానికి అంకురార్పణ జరిగింది. ఆ తరువాత అడిక్‌మెట్ ప్రాంతంలో వెయ్యి ఎకరాలకు పైబడిన స్థలాన్ని దానికి కేటాయించారు. ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934లో పునాది పడింది, 1939లో ప్రారంభోత్సవం జరిగింది. అంతకు చాలా ముందు ఈ ప్రాంతంలో కవయిత్రి మహ్‌లఖా బాయి చందా (1768–1824) జాగీరు ఉండేది. ఆమె పేరుతో పిలిచే దిగుడుబావి నేటికీ ప్రాంగణంలో ఉంది. చాలాకాలం చెత్తతో, పొదలతో కప్పబడి ఉన్న ఆ బావికి ఇటీవలి సంవత్సరాలలో పూడిక తీసి మళ్లీ రూపం ఇచ్చారు. రాతిమెట్ల దగ్గర నిలబడి చూస్తే ఆనాటివారి ముందుచూపు అర్థమవుతుంది. వారు ముందుగా వాన నీటి పోకడను గమనించేవారు, ఆ తరువాతే తోట వేసేవారు, ఇల్లు కట్టేవారు.

ప్రాంగణానికి దక్షిణాన నేల పల్లమవుతూ అంబర్‌పేట మీదుగా మూసీ వైపు దిగుతుంది. విద్యానగర్ వైపు ద్వారం దాటి శివం రోడ్డు మీదుగా ముందుకు సాగితే బాగ్ అంబర్‌పేటలోని బతుకమ్మ కుంట వస్తుంది. ఇరుగుపొరుగు హిందూ సోదరీమణులు పండుగనాడు బతుకమ్మలను సాగనంపిన నీరు గనుక దానికి ఆ పేరు వచ్చింది. 1960ల నాటి సర్వే లెక్కలలో 14 ఎకరాలకు పైగా ఉన్న ఈ కుంట, మట్టిపోతలతోనూ ఆక్రమణలతోనూ క్రమంగా పూడిపోయి, 5 ఎకరాల పైచిలుకు ముళ్లపొదల స్థలంగా మిగిలింది. 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థ 2025 ఆరంభంలో ఇక్కడ తవ్వకం చేపట్టగా కొద్ది అడుగుల లోతులోనే నీరు కనిపించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో కుంటను ప్రజలకు అందించారు. నేడు ఆ నీటి చుట్టూ నడకదారి ఉంది.

ఇక్కడే మా ప్రతిపాదన. తార్నాక మెట్రో దగ్గర మొదలై, ప్రాంగణపు చెట్లకిందుగా, దిగుడుబావిని పలకరించి, విద్యానగర్ ద్వారం గుండా కుంట చుట్టూ తిరిగి వచ్చే ఒకే తెగని దారి ఏర్పడాలి. ఇప్పటికే ఉన్న ముక్కలను కలిపితే చాలు, కొత్తగా ఎవరి భూమినీ తీసుకోనవసరం లేదు. లోపం ఎక్కువగా ప్రాంగణం బయటే ఉంది. ద్వారం దాటగానే ఫుట్‌పాత్ ఒకచోట విరిగి ఉంటుంది, మరొకచోట ద్విచక్ర వాహనాలు నిలిపి ఉంటాయి. కర్ర ఊతంతో నడిచే ముసలమ్మ అక్కడి నుంచే వెనుదిరగవలసి వస్తుంది.

ఆ దారి అందరికీ ఉపయోగపడేలా ఉండాలంటే కొలతలు కూడా సరిగా ఉండాలి. ఫుట్‌పాత్‌పై అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని భారత రోడ్డు కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడినా సాగిపోవడానికి అవసరమైన వెడల్పు అది. సైకిళ్లకు వేరుగా పట్టీ ఉండాలి. కుంట దగ్గరికి వచ్చేసరికి స్థలం తక్కువ గనుక సైకిళ్లను బయటే నిలిపి, నీటి చుట్టూ కాలినడకే సాగించాలి. ఆడపిల్లలు మగ్రిబ్ వేళ కూడా నిర్భయంగా నడవాలంటే దీపాలు, అక్కడక్కడా బల్లలు, శుభ్రమైన మరుగుదొడ్లు తప్పనిసరి.

దీనికి అభ్యంతరాలు రావడం సహజం. విశ్వవిద్యాలయం చదువుల నిలయం, అది ఉద్యానవనం కాదని కొందరంటారు. ఆ మాటలో న్యాయముంది. అందుకే దారి తరగతి గదులకు, వసతి గృహాలకు దూరంగా అంచుల వెంట సాగాలి. వేళలు నిర్ణయించాలి, మోటారు వాహనాలను అనుమతించకూడదు. ఇక రెండవ అభ్యంతరం మరింత బరువైనది. చెరువు చుట్టూ దారి వేయడమంటే చెరువును కుదించడమే అవుతుందన్న భయం అది. ఆ భయానికి కారణం మన కళ్లముందే ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో, హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్‌సాగర్ తీరాన నెక్లెస్ రోడ్డు వచ్చాక నీటి అంచున కాలినడక కంటే కార్లదే పెద్దపీట అయింది. కుంట దగ్గర అలా జరగకూడదు. పూర్తి నీటిమట్టం గుర్తుకు వెలుపలే దారి ఉండాలి. సిమెంటుకు బదులు నీరు ఇంకే మొరం పరచాలి. వాన నీరు వచ్చే కాలువలను మూయకూడదు, మురుగును లోపలికి రానీయకూడదు. మొదటి హక్కు నీటిది, దారి హక్కు దాని తరువాతే.

అలా వేసిన దారి చెరువుకు కాపలా అవుతుందని మేము నమ్ముతున్నాం. 14 ఎకరాలు 5 ఎకరాలు కావడం ఒక్కరోజులో జరిగిన పని కాదు. ఒక రాత్రి ఒక లారీ మట్టి, మరో రాత్రి మరో లారీ. జనం అటు వెళ్లడం మానేశారు గనుక ఆ లారీలను అడిగేవారు లేకపోయారు. రోజూ ఉదయం వందమంది చుట్టి వచ్చే చోట కట్టపై కొత్తగా మట్టికుప్ప పడితే ఆ పూటే అందరికీ తెలిసిపోతుంది.

బాటసారుల కోసం బావులు, సరాయిలు వక్ఫ్ చేసిన పూర్వీకుల వారసులం మనం. దారిలో నుంచి హాని కలిగించేదాన్ని తొలగించడం కూడా విశ్వాసంలోని భాగమేనని దైవప్రవక్త (స) బోధించారు. ఈ బోధను మన వీధుల్లో ఆచరించే అవకాశం ఇక్కడ ఉంది. తార్నాక, అడిక్‌మెట్, అంబర్‌పేటలలోని మస్జిద్ కమిటీలు, కాలనీ సంఘాలు, విద్యార్థులు మతభేదం లేకుండా కలిసి ఒక ఆదివారం ఈ దారిని పొడవునా నడవాలి. ఎక్కడ ఫుట్‌పాత్ తెగింది, ఎక్కడ దీపం లేదు, ఎక్కడ కాలువ మూసుకుపోయింది అన్నవి కాగితం మీద రాసుకోవాలి. ఆ జాబితాను నగరపాలక సంస్థకు, హైడ్రాకు, విశ్వవిద్యాలయ అధికారులకు లిఖితపూర్వకంగా అందజేయాలి. ఆ నడకకు పెద్దలను, పిల్లలను, ముఖ్యంగా చక్రాల కుర్చీలో తిరిగేవారిని వెంట తీసుకువెళ్లండి. దారిలోని లోటుపాట్లు ముందుగా తెలిసేది వారికే.