రెండో డికాక్షన్ లేని కాఫీ

తెలుగిళ్లలో కాఫీకి ఓ వరస ఉంది. ఫిల్టర్లో దిగిన మొదటి డికాక్షన్ ఇంటి పెద్దాయనకి. ఆ తర్వాత ఇంటికొచ్చిన చుట్టానికి, ఆఫీసుకెళ్లే కొడుక్కి. అదే పొడి మీద మళ్లీ వేణ్నీళ్లు పోస్తే దిగేది రెండో డికాక్షన్. అది ఎవరికో చెప్పక్కర్లేదు... కాఫీ కలిపిన చేతికే! అందరికీ గ్లాసులు అందించాక మిగిలిన పల్చటి కాఫీని పొయ్యి పక్కనే నిలబడి, అదీ సగం చల్లారాక తాగిన అమ్మలూ అమ్మమ్మలూ ఎందరో. అలాగే తాగాలని ఎవరూ శాసనం రాయలేదు. అలా అలవాటైపోయింది, అంతే.

ఆ వంటింట్లోకి ఇప్పుడు కొత్త చుట్టం వస్తోంది. దాని పేరు ఎస్ప్రెసో మెషీన్. ఒకప్పుడు పెద్ద హోటళ్లలో, కాఫీ షాపుల్లో మాత్రమే బుసలు కొట్టిన యంత్రం చిన్నదై, సన్నబడి, మిక్సీ పక్కన ఒదిగి కూర్చునేంతగా మారింది. కొనాలన్న సరదా సులువుగానే పుడుతుంది. ఏది కొనాలి, అసలు కొనాలా అన్న దగ్గరే చిక్కంతా!

కూకట్‌పల్లిలోని ఓ రెండు పడగ్గదుల ఫ్లాటులో ఈ చిక్కు మూడు నెలలు నడిచింది. ఇంట్లో నలుగురు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అతను, బ్యాంకులో పనిచేసే ఆమె, రాజమండ్రి నుంచి వచ్చి వీళ్లతో ఉంటున్న అతని అమ్మానాన్నలు. ఆఫీసు కాఫీ షాపులో అలవాటైన రుచి ఇంట్లోనూ కావాలని అతని కోరిక. బోనస్ డబ్బులు చేతికొచ్చాయి. కంప్యూటర్లో బొమ్మలు చూపిస్తుంటే ఆమె ఒక్కటే అడిగింది. ‘‘అవన్నీ సరేగానండీ... ఇది వస్తే నాకు ఓ పని తగ్గుతుందా, పెరుగుతుందా?’’

అతని దగ్గర జవాబు లేదు. కంపెనీల ప్రకటనల్లోనూ లేదు. నిజానికి ఈ మెషీన్ కొనేవాళ్లు మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

ఆవిరి పోయి... ఒత్తిడి వచ్చె

మన ఫిల్టర్‌కి తొందరలేదు. వేణ్నీళ్లు తమ బరువుతో తామే పొడిలోంచి చుక్కచుక్కగా దిగుతాయి. ఎస్ప్రెసో అందుకు పూర్తిగా వ్యతిరేకం. మెత్తటి పొడిని గట్టిగా అదిమి, 90 నుంచి 96 డిగ్రీల వేడి నీటిని వాతావరణ పీడనానికి దాదాపు తొమ్మిది రెట్ల ఒత్తిడితో దానిగుండా తోస్తారు. పద్దెనిమిది గ్రాముల పొడి నుంచి ముప్ఫయ్యారు గ్రాముల చిక్కటి కాఫీ, పాతిక ముప్ఫై సెకన్లలో... స్థూలంగా ఇదీ లెక్క.

ఈ విద్య ఇటలీ వాళ్లది. 1884లో టురిన్ నగరవాసి ఆంజెలో మోరియోండో ఆవిరితో కాఫీ చేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెజ్జెరా ఒక్కో కప్పు విడివిడిగా దిగేలా దాన్ని మెరుగుపరిచాడు. ఆవిరి వేడికి కాఫీ మాడు రుచి వచ్చేది. ఆ ఆవిరిని పక్కనపెట్టి, మీటతో నీటిని బలంగా నొక్కే పద్ధతిని రెండో ప్రపంచయుద్ధం తర్వాత జనంలోకి తెచ్చినవాడు అకీలే గాజ్జా. కాఫీ మీద తేలే బంగారు రంగు నురగ అప్పుడే పుట్టింది. 1961లో ఫాయేమా కంపెనీ ఇ61 అనే యంత్రంలో చేతి బలం బదులు మోటారు పంపు పెట్టింది. ఇప్పుడు మన వంటింటికి వస్తున్న చిన్న మెషీన్లలో ఎక్కువ భాగం పంపుతో నడిచేవే.

పెట్టె మీద ‘15 బార్’, ‘20 బార్’ అని పెద్ద అక్షరాలు కనిపిస్తే మురిసిపోనక్కర్లేదు. అది పంపు చూపించగల గరిష్ఠ బలం. కాఫీకి కావాల్సింది తొమ్మిదే! అంకె పెరిగితే రుచి పెరగదు.

ఏ ఇంటికి ఏది?

ఇంట్లో వాడుకునేవి ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది పొయ్యి మీద పెట్టే మోకా పాత్ర. 1933లో బియాలెట్టి పేరుతో ఇటలీలో మొదలైంది. కరెంటు అక్కర్లేదు, రిపేర్లు దాదాపు ఉండవు. అందులో ఒత్తిడి తక్కువ కాబట్టి దిగేది అసలు ఎస్ప్రెసో కాదు గానీ, పాలు కలుపుకునే వాళ్లకి సరిపోయేంత చిక్కగా ఉంటుంది. పెద్ద ఖర్చు పెట్టేముందు ‘మనకీ రుచి నచ్చుతుందా’ అని చూసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

రెండోది గుళికల మెషీన్. గుళిక వేసి మీట నొక్కితే చాలు. శుభ్రం చేసే బాధ తక్కువ. కానీ ఒక్కో గుళికలో ఉండే కాఫీ కొంచెమే, కప్పు ఖర్చు మాత్రం ఎక్కువ. పైగా ఆ మెషీన్‌కి సరిపడే గుళికలే వెతుక్కోవాలి. అవి దొరకని రోజున అది వట్టి బొమ్మ!

మూడోది అందరూ మనసుపడే పంపు మెషీన్. పొడి నింపడం, అదమడం, పాలు నురగెత్తించడం మనమే చేయాలి. ఇందులో బాగా సన్నవి ఉన్నాయి. డెలాంగి వారి డెడికా వెడల్పు దాదాపు 15 సెంటీమీటర్లే. నాలుగోది గింజలు పోస్తే తనే పొడిచేసి కాఫీ దించే ఆటోమేటిక్. పని తక్కువే గానీ, ధరా ఎక్కువే, ఆక్రమించే చోటూ ఎక్కువే. లోపలి భాగాలు క్రమం తప్పకుండా కడగకపోతే పాత కాఫీ వాసన పట్టుకుంటుంది.

కూకట్‌పల్లి దంపతులు టేపు తీసుకుని గట్టు కొలిచారు. వెడల్పు సరిపోయింది. ఎత్తు చూస్తే పై అల్మరా అడ్డు! నీళ్ల ట్యాంకు పైకి లాగి తీసేదైతే మెషీన్ ఎత్తు మీద మరికాస్త ఖాళీ ఉండాలి మరి. గింజలు పొడిచేసే గ్రైండర్‌కి ఇంకో జానెడు చోటు కావాలి. అప్పటికి ఆ మూల ఉన్నది ఆమె ఇడ్లీపిండి గ్రైండర్. ‘‘దాన్ని జరపమంటే మాత్రం జరపను’’ అనేసింది.

పొడి దగ్గరే అసలు కథ

చాలామంది మెషీన్‌కి వేలు పోసి, పొడి దగ్గర పిసినారితనం చూపిస్తారు. ఎస్ప్రెసో బాగుండకపోతే తప్పు చాలాసార్లు పొడిదే. బరకగా ఉంటే నీళ్లు సర్రున జారిపోయి కాఫీ పుల్లగా, నీళ్లనీళ్లగా వస్తుంది. మరీ మెత్తగా ఉంటే దిగనే దిగక చేదెక్కుతుంది. మిక్సీలో వేస్తే సగం దుమ్ము, సగం నూక. అందుకే రెండు పళ్లచక్రాల మధ్య గింజను సమంగా నలిపే గ్రైండర్ కావాలి. చేత్తో తిప్పేదైతే ధర తగ్గుతుంది, భుజం నొప్పి పెరుగుతుంది!

గ్రైండర్ వద్దనుకునేవాళ్లు రెండు పొరల జల్లెడ ఇచ్చే మెషీన్ చూసుకోవాలి. దాని అడుగున ఒకే చిన్న రంధ్రం ఉంటుంది. పొడి కాస్త అటూ ఇటూ అయినా ఒత్తిడి అదే కల్పిస్తుంది. రుచిలో కొంత తేడా ఉన్నా, కొత్తవాళ్లకి అదే మేలు.

చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి మాత్రం ఇందులో వేయొద్దు. చికోరీ వేయించిన వేరు. నీటిని పట్టుకుని దారి మూసేస్తుంది. అచ్చంగా కాఫీ గింజలే కావాలి. దూరం వెళ్లక్కర్లేదు, మన అరకు లోయలో పండే అరబికా ఉంది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఏది కొన్నా పొట్లం మీద వేయించిన తేదీ చూసుకోవడం మంచిది.

అమెరికా నుంచి తెమ్మంటే...

డాలస్‌లో ఉన్న అక్క దసరాకి వస్తోంది. ‘‘అక్కడ చవగ్గా దొరుకుతుందిరా, తెచ్చేయనా?’’ అని ఫోన్లో అడిగింది. ఇలాంటి అక్కలూ అన్నయ్యలూ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. అక్కడే ఆగాలి! అమెరికా కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. ప్లగ్గు మార్చి నేరుగా పెడితే మెషీన్ కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొందామంటే, ఇంత వాటేజీకి అది మెషీన్ కంటే బరువు తూగినా తూగుతుంది. వోల్టేజి తగ్గించినా హెర్ట్జ్ తేడా అలాగే ఉంటుంది, దాంతో పంపు తీరు మారుతుంది. పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందన్న భరోసా లేదు.

ఇక్కడ కొన్నదానికైనా ప్లగ్గు చూసుకోవాల్సిందే. ఈ మెషీన్లు చాలావరకు 1300 నుంచి 1500 వాట్లవి. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కి 1380 వాట్లు దాటితే మోయలేని బరువు. 16 ఆంపియర్ల సాకెట్ ఎక్కడుందో ముందే చూసుకుని మెషీన్ చోటు నిర్ణయించుకోవాలి. బోరునీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. మంచినీళ్లే వాడుతూ, మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పిన గడువుకి ఆ సున్నం తీసే మందు వాడాలి. సర్వీసు సెంటరు మన ఊళ్లో ఉందా, రబ్బరు వాషర్లు విడిగా దొరుకుతాయా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి.

లెక్క దేనితో?

మెషీనూ గ్రైండరూ కలిపి 35 వేలు అనుకుందాం. దంపతులిద్దరూ వారానికి రెండుసార్లు కాఫీ షాపుకి వెళ్లి, కప్పు 250 చొప్పున వెయ్యి రూపాయలు ఖర్చు చేస్తున్నారనుకుందాం. అదే కాఫీ ఇంట్లో యాభైకి తయారైతే వారానికి 800 మిగులు. 44 వారాల్లో పెట్టుబడి తిరిగొచ్చినట్టే. కానీ ఆ మెషీన్ వచ్చింది ఇంట్లోని ఫిల్టర్ కాఫీ స్థానంలోకైతే? ఆ కాఫీకి అయ్యేది అంతకంటే తక్కువే కాబట్టి పెట్టిన డబ్బు ఎన్నటికీ తిరిగిరాదు. అది పొదుపు కాదు, సరదా. సరదాకి ఖర్చుపెట్టడం తప్పు కాదు, దాన్ని పొదుపని చెప్పుకోవడంతోనే పేచీ!

మరి ఆమె అడిగిన ప్రశ్న? దానికి జవాబు కప్పుల లెక్కలో దొరికింది. ఫిల్టర్లో రాత్రి పొడి వేస్తే పొద్దునకి నలుగురికీ డికాక్షన్ సిద్ధం. ఎస్ప్రెసోలో అలా కుదరదు. ప్రతి కప్పుకీ కొత్త పొడి వేయాలి, అదమాలి, దించాలి, పిప్పి తీసి పారెయ్యాలి. పాల గొట్టం ప్రతిసారీ తుడవాలి, లేకపోతే పాలు ఎండి గట్టిపడతాయి. చిన్న మెషీన్ మీద నలుగురికీ చేసేసరికి పావుగంట పట్టొచ్చు. అంటే పని పెరుగుతుంది. ఎవరికి పెరుగుతుందన్నదే తేల్చుకోవాలి.

‘‘కొనండి. కానీ దాని దగ్గర నిలబడేది మీరే. తుడిచేదీ మీరే’’ అందామె. అతను ఒప్పుకున్నాడు. 15 సెంటీమీటర్ల మెషీన్, చేత్తో తిప్పే గ్రైండర్ వచ్చాయి. ఇడ్లీపిండి గ్రైండర్ తన చోటే తనదన్నట్టు అక్కడే ఉంది. ఫ్రిజ్ పక్కన చెప్పుల స్టాండు ఖాళీచేసిన జాగాలో కొత్త చుట్టానికి బల్ల వేశారు.

మొదటి ఆదివారం అతను తండ్రికి కప్పు ఇచ్చాడు. పాలు మరీ వేడెక్కితే తియ్యదనం పోతుందని 60 డిగ్రీల దగ్గర ఆపేస్తారు కదా... పొగలు కక్కే గ్లాసుకి అలవాటుపడ్డ పెద్దాయన ఓ గుక్క తాగి, ‘‘బాగుందిరా, కాస్త వెచ్చబెట్టు’’ అన్నారు. మర్నాటి నుంచి ఆయన ఫిల్టర్ ఆయనకే. కోడలు ఏమీ అనలేదు. ‘‘మావయ్యగారూ, మీ ఫిల్టర్ని అటకెక్కించలేదులెండి’’ అని నవ్వింది.

అత్తగారి సంగతే వేరుగా జరిగింది. కొడుకు తెచ్చిచ్చిన కప్పు చూసి, ‘‘ఇది మీ నాన్నకివ్వు, నాకు తర్వాత దిగేది చాల్లే’’ అన్నారావిడ. ‘‘తర్వాత దిగేదంటూ ఉండదమ్మా ఇందులో. ఇది నీకోసమే వేసిన పొడి’’ అన్నాడతను. నలభై ఏళ్లుగా రెండో డికాక్షన్ తాగిన మనిషి కప్పు పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. ఓ గుక్క తాగి మొహం చిట్లించారు. ‘‘ఇంత చిక్కగా నావల్ల కాదురా, కాసిని వేణ్నీళ్లు పొయ్యి!’’

పోశాడు. దానికీ ఓ పేరుంది... అమెరికానో! కాఫీ షాపులో అడిగి మరీ, డబ్బిచ్చి మరీ తాగుతారు. తేడా అల్లా ఒక్కటే. ఇంతకాలం ఆవిడకి పల్చటి కాఫీ మిగిలేది. ఇప్పుడు ఆవిడ పల్చగా కావాలని అడిగి చేయించుకుంటున్నారు.

మెషీన్ కొనాలనుకునేవాళ్లు గట్టు కొలవండి, ప్లగ్గు చూడండి, వారంటీ కాగితం చదవండి. అన్నీ అయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఇంకొక్క మాట తేల్చుకోండి. పొద్దున్నే లేచి మెషీన్ స్విచ్ వేసేదెవరు? ఆ చేతికి కాఫీ అందించేదెవరు? ఈ రెంటికీ జవాబు దొరికితే, ఆ ఇంటికి ఏ మెషీన్ అయినా మంచిదే. దొరక్కపోతే... ఉన్న ఫిల్టర్నే రేపు పొద్దున ఇంకొకరు అందుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు!