‘చూసుకుందాం తియ్’

శుక్రవారం నాలుగు దాటితే మా ఆఫీసులో మనిషి కనబడడు. అలాంటిది నాలుగు శుక్రవారాలు వరసగా సాయంత్రం పూట ఉపన్యాసాలకు రావాలని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. విషయమేమిటంటే, నిర్మాణ పనుల్లో, ఉద్యోగం చేసే చోట వచ్చే తగాదాలు ఎలా తీర్చుకోవాలి అని. మేం తయారుచేసే సాఫ్ట్‌వేర్ వాడేది బిల్డర్లు, సైట్ ఇంజినీర్లు కాబట్టి వాళ్ల కష్టాలు మాకూ తెలియాలట. కోడ్ రాసుకునేదాన్ని, నాకెందుకీ పంచాయితీ అనుకుంటూ వెనక వరసలో కూర్చున్నాను.

మొదటి రోజు మాట్లాడింది రిటైరైన ఒక ఇంజినీరు. స్లైడ్లు లేవు. రాగానే ఒక ప్రశ్న వేశారు. “మీకు తెలిసిన ఒక గొడవ తలచుకోండి. అది ఏ రోజు మొదలైంది?”

పని ఆగిపోయిన రోజు అన్నారు ఒకరు. లాయర్ నోటీసు వచ్చిన రోజు అన్నారు ఇంకొకరు.

ఆయన తల అడ్డంగా ఊపారు. “అది బయటపడ్డ రోజు. మొదలైన రోజు వేరే ఉంటుంది. ఆ రోజు ఎవరికీ కోపం వచ్చి ఉండదు. అందరూ నవ్వుకుంటూనే ఉండి ఉంటారు.”

నాకు మా బాపు గుర్తొచ్చాడు. ఇక ఆ సాయంత్రం ఫోన్ ముట్టుకోలేదు.

మాది కాళేశ్వరం. గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి మా ఊరి గుర్తు. బాపు మేస్త్రీ పని చేస్తాడు. సెంట్రింగ్ పని చేసే మామ ఆయనకు చిన్ననాటి దోస్తు. సొంత మేనమామ కాదు గానీ నాకు తెలివి వచ్చినప్పటి నుంచీ మామే. బాపు గోడ లేపితే మామ స్లాబుకు చెక్క కొట్టాలి. ఇరవై ఏళ్లు అట్లనే నడిచింది.

2025 మే 15 నుంచి 26 దాకా మా ఊళ్లో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. యాత్రికులు వస్తారని అంతకుముందే ఒకాయన తన ఇంటి మీద నాలుగు గదులు వేయించడానికి బాపుతో గుత్త మాట్లాడుకున్నాడు. పని సగంలో ఉండగా పైకి మెట్లు కావాలన్నాడు. తర్వాత రెండు బాత్‌రూములు, వాటి మీద చిన్న స్లాబు. “పైసలెట్ల?” అని బాపు అడిగితే ఆయన నవ్వి, “చూసుకుందాం తియ్ మేస్త్రీ” అన్నాడు. బాపూ నవ్వాడు. పక్కన మామ కూడా ఉన్నాడు.

గొడవ మొదలైంది ఆ రోజే. ముగ్గురికీ తెలియదు.

పని అయ్యాక ఇంటాయన ముందు ఒప్పుకున్న గుత్త డబ్బులే ఇచ్చాడు. ఎక్కువ చేసిన పనికి బాపు లెక్క లక్షా అరవై వేలు. అందులో మామకు పోవాల్సింది అరవై వేలు. రాని పైసలు బాపు ఎక్కడి నుంచి ఇస్తాడు? “ఆయన దగ్గర తీసుకొని నాకు ఎగ్గొట్టిండు” అని మామ చాయ్ హోటల్లో అన్నాడట. ఆ మాట బాపు చెవిన పడింది. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. దసరాకు జమ్మి ఆకు పట్టుకొని మామ మా ఇంటికి రాకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

రెండో శుక్రవారం ఆ ఇంజినీరు పెద్ద ప్రాజెక్టుల సంగతి చెప్పారు. ప్రపంచమంతా వాడే ఫిడిక్ కాంట్రాక్టు నమూనా ఒకటుంది. అనుకోని ఖర్చో ఆలస్యమో వచ్చినట్టు తెలిసిన 28 రోజుల్లోగా కాంట్రాక్టర్ రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంటుంది. చెప్పకపోతే అడిగే హక్కే పోవచ్చు. విన్నప్పుడు ఇదేం అన్యాయం అనిపించింది. తర్వాత అర్థమైంది. ఆ నియమం ఇద్దరికీ మేలే. మెట్లకు ఇంత అవుతుందని ఆ రోజే తెలిస్తే ఇంటాయన వద్దనైనా అనేవాడు.

అమెరికాలోని కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగానికి రెండో దారి తవ్వేటప్పుడు, 1975లో, ఇంకో పద్ధతి పెట్టారట. గొడవ వచ్చాక పెద్దమనుషుల్ని వెతకడం కాదు. పని మొదట్లోనే ఇరుపక్షాలూ ఒప్పుకున్న ముగ్గురు నిపుణులను బోర్డుగా పెట్టుకోవడం. పని నడుస్తుండగానే చిక్కుముడి వాళ్ల ముందుకు వస్తుంది. ఇప్పుడు చాలా దేశాల్లో పెద్ద కాంట్రాక్టుల్లో అలాంటి బోర్డులున్నాయి.

ఆయన మా ఊరి దగ్గరి ఉదాహరణ కూడా చెప్పారు. తుమ్మిడిహట్టి దగ్గర బ్యారేజీ ఎత్తు 152 మీటర్లు ఉండాలని మనవైపు, 148 దాటొద్దని మహారాష్ట్ర వైపు ఏళ్ల తరబడి పట్టు. మీటర్ల గురించే కొట్లాడితే ఎన్నటికీ తెగదు. నిజంగా ఎవరికేం కావాలి? మనకు నీళ్లు కావాలి, వాళ్లకు భూములు మునగకూడదు. చివరికి 2016 ఆగస్టు 23న రెండు రాష్ట్రాలూ సంతకాలు చేశాయి. తుమ్మిడిహట్టికి 148, మేడిగడ్డకు 100 మీటర్లు. మరి గొడవ తీరినట్టేనా? మేడిగడ్డ కట్టాక సిరోంచ వైపు రైతులు పంటలు మునుగుతున్నాయని నిరసనకు దిగారు. సంతకం పెట్టినవాళ్లు సంతోషంగా ఉంటే చాలదు, నష్టపోయేవాళ్లు ఆ గదిలో ఉన్నారా లేదా చూడాలి అన్నారాయన.

2023 అక్టోబర్ 21న అదే మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగిన సంగతి అందరికీ తెలుసు. తర్వాత మరమ్మతు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. పని పూర్తయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్టు ఏ తేదీది, లోపాలు సరిచేయాల్సిన గడువు ఎప్పటిదాకా అన్నవి పేపర్ల మొదటి పేజీల్లోకి ఎక్కాయి. అంత పెద్ద కట్టడమైనా, మా ఊళ్లో ఆ మెట్లయినా, చివరికి అడిగేది ఒకటే. ఏ రోజు, ఎవరు, ఏం రాశారు?

మూడో శుక్రవారం ఉద్యోగాల చోట గొడవలు. వచ్చిన లాయరమ్మ ముందుగా మాటలు విడదీసి చెప్పారు. మనం తెలుగులో అందరినీ మధ్యవర్తి అనేస్తాం. ఆర్బిట్రేటర్ రెండు పక్షాలూ విని తీర్పు ఇస్తారు, అది కట్టుబడాల్సిందే. మీడియేటర్ తీర్పు ఇవ్వరు, ఇద్దరూ మాట్లాడుకునేలా చేస్తారు. 2021 డిసెంబర్ 18న హైదరాబాద్‌లో మొదలైన అంతర్జాతీయ కేంద్రం ఈ రెండు పనులకూ పెట్టిందే. 2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టం మీడియేషన్ 120 రోజుల్లో ముగియాలని, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 60 రోజులు పొడిగించొచ్చని చెబుతుంది. 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపు కూడా అందరుండాలి.

“అన్నీ రాజీకి వచ్చేవి కావు” అని కూడా ఆమె గట్టిగా చెప్పారు. లైంగిక వేధింపుల కేసులో బాధితురాలు తానుగా అడిగితే తప్ప రాజీ మాట ఎత్తకూడదు, అప్పుడు కూడా డబ్బుతో సర్దుబాటు చేయకూడదు. 2013 చట్టంలోనే ఉంది. సర్దుకుపో అమ్మా అనే సలహాకు మీడియేషన్ అని పేరు పెట్టొద్దన్నారు.

నాకూ ఆఫీసులో ఒక చిన్న పంచాయితీ ఉంది. నా కోడ్ మీద పక్క సీటు అబ్బాయి గ్రూపులో అందరి ముందు వ్యంగ్యంగా రాశాడు. నేనూ అట్లాగే బదులిచ్చాను. మూడు వారాలుగా మూడడుగుల దూరంలో కూర్చొని ఒకరికొకరం మెయిళ్లు పంపుకుంటున్నాం. బాపును అనడానికి నాకేం హక్కుంది?

ఆ శనివారం ఊరికి పోయాను. కొత్తగా నేర్చుకున్న పిచ్చి ఒకటుంటుంది కదా. బాపును, మామను మా వాకిట్లో కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి, లెక్కలు అడగడం మొదలుపెట్టాను. పది నిమిషాలు కాలేదు, మామ లేచాడు.

“నాలుగు అచ్చరాలు నేర్చినవని మాకు తీర్పు చెప్తవా బిడ్డా?”

తప్పు నాదే. మీడియేటర్‌నని చెప్పుకుంటూ జడ్జిలా కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి మామ ఇంటికి ఒక్కదాన్నే పోయాను. అత్తమ్మ చాయ్ ఇచ్చింది. చాలాసేపు ఊరి ముచ్చట్లే. ఆఖరికి మామే అన్నాడు. “పైసలు రాలేదని మీ బాపు నాకొచ్చి చెప్పొద్దా? ఊళ్లె ఎవరో చెప్తే తెలుసుకోవాల్నా? నేనేమన్న పరాయోన్నా?”

ఇంటికొచ్చి బాపు దగ్గర కూర్చున్నాను. “ఉత్త చేతుల్తోని పోయి వానికి మొకం ఎట్ల చూపియ్యాలె?” అన్నాడు బాపు. “దొంగ అన్న మాటనే నాకు ఎక్కువ గుచ్చుకున్నది.”

ఇద్దరూ అరవై వేల గురించి ఒక్క మాట అనలేదు. నేను చేసిందల్లా వాళ్లను అడిగి ఆ రెండు మాటలూ అటూ ఇటూ మోయడమే. మధ్యాహ్నం మామ వచ్చాడు. గడప దాటలేదు, వాకిట్లోనే నిలబడి, “టేపు ఉన్నదా బావా?” అన్నాడు.

ఇద్దరూ పోయి మెట్లు, బాత్‌రూములు, స్లాబు కొలిచారు. నేను రాశాను. పొడవు, వెడల్పు, సిమెంటు బస్తాలు, కూలీలు, ఏ వారంలో ఏం చేశారో అన్నీ. లెక్క లక్షా నలభై రెండు వేలకు తేలింది. బాపు మనసులో పెట్టుకున్న లెక్క కంటే తక్కువ! కాగితం పట్టుకొని ఇద్దరూ కలిసి ఇంటాయన దగ్గరికి పోయారు. ఆయన మాట కూడా వినాలి కదా. “ఇంతైతదని ఆ రోజే చెప్తే నేను ఒక బాత్‌రూమే కట్టించుకుందును మేస్త్రీ” అన్నాడట. అందులో అబద్ధమేముంది? లక్షా పది వేలకు ఒప్పుకున్నారు, రెండు విడతల్లో. ఈసారి కాగితం మీద ముగ్గురి సంతకాలున్నాయి.

మొదటి విడత వచ్చింది. బాపు అందులోంచి ముందు మామ వాటా ఇచ్చి, తర్వాత ఇంటికొచ్చాడు. రెండో విడత ఇంకా రావాలి. బాపు, మామ మునుపటిలా అయ్యారని చెప్పను. చాయ్ హోటల్లో అన్న మాట అంత తొందరగా మాసిపోదు. కానీ కలిసి పనికి పోతున్నారు.

సోమవారం నేను పక్క సీటు అబ్బాయిని క్యాంటీన్‌కు పిలిచాను. నా కోడ్‌లో తప్పుందని ముందు నేనే ఒప్పుకున్నాను. అది గ్రూపులో అనాల్సింది కాదని అతను ఒప్పుకున్నాడు. చాయ్ డబ్బులు ఎవరివన్న గొడవ మాత్రం తేలలేదు.

మా తెలంగాణలో పంచాయితీ అంటే గొడవ, గొడవ తీర్చడం కూడా పంచాయితీయే. రాసుకుందాం అంటే మనకు నమ్మకం లేనట్టు, అవమానించినట్టు అనిపిస్తుంది. బాపుకు ఇరవై ఏళ్లు అట్లనే అనిపించింది. నిజానికి ఆ రోజు ఒక్క చీటీ రాసుకొని ఉంటే అది పైసల కంటే ముందు ఆ దోస్తానాను కాపాడేది.

మొన్న బాపు ఫోన్ చేశాడు.

“బిడ్డా, కొత్త ఇంటి ఓనరు ఒక కిటికీ ఎక్కువ పెట్టుమన్నడు. ‘చూసుకుందాం తియ్’ అన్నడు.”

“నువ్వేమన్నవ్ బాపూ?”

“నోటుబుక్కు తీసిన. ఇప్పుడే చూసుకుందాం అన్న.”

“సంతకం పెట్టిండా?”

“పెట్టిండు. మీ మామ సాక్షి.”