మల్లి, మంచం, మెదడు

గేటు తీయగానే తెల్లకుక్క ఒకటి మొరుగుతూ ఎదురొచ్చింది. గులాబీరంగు ముక్కు, లోపలికి పీక్కుపోయిన పొట్ట. 2005లో తపాలా బిళ్ల మీదికెక్కిన, ఈ ఊరి పేరే పెట్టుకున్న రాజపాళయం జాతి. "ఆగు మల్లీ!" అని తెలుగులో కసిరారు ఇంటి పెద్దాయన. తరాల కిందట ఆంధ్ర నుంచి వచ్చి ఈ తమిళ ఊళ్లో స్థిరపడిన రాజుల ఇళ్లలో ఆ భాషా నిలిచింది, ఈ కుక్కలూ నిలిచాయి.

వరండాలో కాఫీ తాగుతుంటే మాట దీపావళి మీదికి మళ్లింది. బాణసంచాకు పేరుపడ్డ శివకాశి ఇదే జిల్లా మరి.

"టపాసుల రోజున దీన్ని కట్టెయ్యనండీ. కట్టేస్తే ఒకటే వణుకు. విప్పితే మంచం కింద దూరి తనే సర్దుకుంటుంది. చప్పుడు మాత్రం అదే," అన్నారాయన.

ఈ తేడా వెనకే మెదడు శాస్త్రం అర్ధశతాబ్దం పైగా తిరుగుతోంది. మొదలైందీ కుక్కలతోనే. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ రెండు గుంపుల కుక్కలకు ఒకే రకం విద్యుత్ షాకులిచ్చారు. ఒక గుంపు తలతో పలక నొక్కి షాకు ఆపుకోగలదు. రెండోదానికి ఆ వీలు లేదు. తరవాత, చిన్న అడ్డు దూకితే తప్పించుకోగల పెట్టెలో వదిలారు. మొదటి గుంపు దూకింది. రెండో గుంపులో చాలావరకు కదలకుండా భరించాయి.

ఆ బేలతనం మెదడులో ఎక్కడుంది? మేయర్ బృందం ఎలుకల్లో వెతికి, మెదడు కాండంలోని రాఫే దగ్గర ఆగింది. మెదడుకు సెరటోనిన్ తయారుచేసిచ్చే కణాల గుంపు అది. మనిషిలో 8,600 కోట్ల నాడీకణాలుంటే ఇవి కొన్ని లక్షలే. తప్పించుకోలేని షాకు తగిలితే అవి రెచ్చిపోయి, భయాన్ని నడిపే అమిగ్డలాలోకి సెరటోనిన్ కుమ్మరిస్తాయి. ఆపైన కొన్ని రోజులు చిన్న కుదుపుకే ఉలిక్కిపడతాయి. 'ఆనంద రసాయనం' అని పేరుమోసిన సరుకు ఇక్కడ చేసే పని ఇదీ!

చక్రం తిప్పి షాకు ఆపే వీలు ఎలుకకు ఇస్తే, నుదుటి వెనకనున్న ప్రీఫ్రంటల్ భాగం రాఫేకు కళ్లెం వేస్తుంది. 2005లో ఆ భాగాన్ని మందుతో నిద్రపుచ్చి చూశారు. చక్రం అందుబాటులో ఉన్నా ఎలుక బేలగానే మిగిలింది. బేలతనం నేర్చుకున్నదే అన్న తమ పాత సిద్ధాంతాన్ని 2016లో సెలిగ్‌మన్, మేయర్ తామే తిరగేశారు: ఎడతెగని బాధకు చేతులెత్తేయడం మెదడు స్వభావం, ఆపడం తన చేతిలో ఉందన్నదే అది నేర్చుకునే సంగతి.

ఇదంతా విని పెద్దాయన నవ్వారు. "ఎలుకకు చక్రం, మా మల్లికి మంచం. అంతేగా?"

ఇంతలో వీధిలో బుల్లెట్ బండి ఒకటి ఫట్‌మని పేలుతూ వెళ్లింది. మల్లి చెవులు రిక్కించి, నా కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, లోపలి గదిలోకి నడిచింది. కాసేపటికి మంచం కింద నుంచి తోక కొస మాత్రం కనిపించింది.